పదోవంతు బిగువు

హౌరాలో షాలిమార్ గూడ్స్ యార్డు గోడ వెనకాల తెలుగువాళ్ల బస్తీలో కూర్మయ్యలు ముగ్గురుండేవారు. ఉత్తరాలు తారుమారు కాకుండా ఒకరిని కళాసీ కూర్మయ్య అనీ, ఒకరిని పాల కూర్మయ్య అనీ, మూడో మనిషిని ముసుగుల కూర్మయ్య అనీ పిలిచేవారు. మూడో పేరు వేళాకోళానికి పుట్టిందే. అయినా ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. చేసే పని అదే కదా అనుకునేవాడు.

ఆయన కుట్టేది కాలిన ఒళ్లకు తొడుగులు. ఒళ్లు కాలి, డాక్టరు తొడ మీది చర్మం తీసి కాలినచోట అతికించాక, పుండు మానడంతో పని అయిపోదు. మానినచోటే చర్మం తాళ్లు తాళ్లుగా లేస్తుంది, ముడుచుకుంటుంది, పక్కనున్న పెదవినో కంటిరెప్పనో తనవైపు లాక్కుంటుంది. అలా లేవకుండా దాన్ని రాత్రీ పగలూ అదిమి ఉంచాలి. ఏడాది, ఒక్కొక్కరికి ఏడాదిన్నర. స్నానానికీ తిండికీ తప్ప తియ్యకూడదు. చేతికైతే వేళ్లున్న తొడుగు, ముఖానికైతే కళ్లకీ ముక్కుకీ నోటికీ కన్నాలున్న ముసుగు.

ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. తండ్రి శ్రీకూర్మం పక్క పల్లె నుంచి బస్తాలు మొయ్యడానికి వచ్చిన మనిషి. కూర్మయ్య పన్నెండేళ్లకే దబ్బనంతో గోనెలు కుట్టాడు, తరవాత మిషను కొనుక్కుని బస్తీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టాడు. ఎనభై మూడులో భవానీపూర్‌లోని ఒక నర్సింగ్ హోంకి ఆయమ్మల జాకెట్లు ఇవ్వడానికి వెళ్తే, అక్కడి ప్లాస్టిక్ సర్జన్ తాలుక్‌దార్ గారు ఆయన చేతిలో ఒక చిరిగిన తొడుగు పెట్టారు. పైదేశం నుంచి వచ్చింది. ఇలాంటిది కుట్టగలవా అని బెంగాలీలో అడిగారు. కూర్మయ్య కుట్టగలనని అనలేదు, కుట్టలేననీ అనలేదు. ఇంటికి తెచ్చి ఒక్కొక్క కుట్టే విప్పి చాప మీద పరిచి మూడు రోజులు చూశాడు. రెండు వైపులా సాగే బట్ట కోసం హౌరా బనియన్ల మిల్లుల చుట్టూ తిరిగాడు. నాలుగు తొడుగులు పాడయ్యాయి. ఐదోది సరిపోయింది.

చెడగొట్టిన నాలుగింటి నుంచే సూత్రాలు పట్టుకున్నాడు. కొలత ఎంతుంటే అందులో పదోవంతు తగ్గించి కోయాలి. కుట్టు మడత బయటికి రావాలి, లోపలికి వస్తే లేత చర్మాన్ని కొరుకుతుంది. గెడ్డం కింద గుంటలో బట్ట ఆనదు కాబట్టి అక్కడ స్పాంజి ముక్క పెట్టాలి. తొడిగాక అంచు దగ్గర బట్ట మీద నుంచే గోటితో నొక్కితే పక్కన కనిపించే ఎర్రమచ్చ తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడాలి. మచ్చలో పచ్చిదనం ఇంకా ఉంది, బట్ట మాట వింటుంది అని దానర్థం. నెలకోసారి బట్ట సాగిపోతుంది. అప్పుడు మళ్లీ కొలవాలి, మళ్లీ కుట్టాలి.

మాట తక్కువ మనిషి. ఒక్క విషయంలోనే నోరు చేసుకునేవాడు. ఎనభై ఆరులో జయలక్ష్మి గారని, భర్త బ్యాంకు ఆఫీసరు, సాల్ట్ లేక్‌లో కాపురం, ఎనిమిదేళ్ల కొడుకు కామేష్‌ను తీసుకొచ్చింది. కాళీపూజ నాడు చిచ్చుబుడ్డి పేలి పిల్లవాడి మెడా దవడా కాలాయి. కూర్మయ్య తాను అంతకుముందు కుట్టిచ్చిన ముసుగు చేతిలోకి తీసుకుని చెవి పక్క కుట్టు మీద వేలు పెట్టాడు.

"ఈ కుట్టు నాది కాదు, అమ్మగారూ."

ఆవిడ తల వంచుకుంది. "నిద్రపోకుండా ఏడుస్తున్నాడు కూర్మయ్యా. చూడలేక అరంగుళం వదులు చేశాను. అరంగుళానికే ఏమైపోతుంది?"

"ఏటవుతాదో ఇప్పుడవుపడదు. ఆర్నెల్లు పోయాక అవుపడతాది. అప్పుడు మీరూ ఏడుస్తారు, బాబూ ఏడుస్తాడు, నాను కుట్టడానికేటీ మిగల్దు."

"మీకూ పిల్లలున్నారు కదా?"

"ఉన్నారమ్మగారూ. ఆళ్లకైనా ఇలాగే బిగిస్తాను."

గొప్పకు అన్నమాట కాదది. కుట్టు గురించి ఎలా చెప్తాడో అలాగే చెప్పాడు.

మూడేళ్లకు, ఎనభై తొమ్మిది కార్తీకంలో, ఆయన కూతురు సుందరి మీద గంజి పడింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. తల్లి దాలమ్మ అన్నం వార్చి గంజి తపేలా గట్టు మీద పెట్టి నీళ్లకు వెళ్లింది. బడి గౌనుకు గంజి పెట్టుకుందామని పిల్ల తపేలాను లాగింది. నీళ్లయితే కారిపోయేవి. చిక్కటి గంజి గెడ్డానికీ ఎడమ దవడకీ మెడకీ అంటుకుని అక్కడే ఉడికించింది. తాలుక్‌దార్ గారు డిసెంబరులో తొడ చర్మం తీసి అతికించారు. జనవరిలో కూర్మయ్య టేపు పట్టుకుని కూతురి ముందు కూర్చున్నాడు. ముఖానికి ఇరవై ఒక్క కొలతలు. అన్నీ రాసుకుని, అన్నిట్లో పదోవంతు తగ్గించి కోశాడు.

పిల్ల గోల పెట్టింది. దాలమ్మ చూడలేకపోయింది.

"మావా, గుంటకి అసలు ఊపిరాడతన్నాదా?"

"ఆడకపోతే ఆ ఏడుపెక్కడినుంచొస్తన్నాదే?"

"నీది గుండె కాదు, కుట్టు మిషను."

"మిషనే. అందుకే సరిగ్గా కుడతన్నాను."

వారం తరవాత సుందరి ఏడుపు మానేసింది. నెలకు వీధిలోకి వెళ్లింది. "జాతరకి ఏసం కట్టినావేటే?" అని పిల్లలు చుట్టూ మూగితే, "మా నాన కుట్టినాడు. మీ నానకి బస్తాలు మొయ్యడమే వచ్చు" అని వచ్చింది. ఆ మాట విని కూర్మయ్య మిషను మీద తల వంచుకుని నవ్వుకున్నాడు. ఫిబ్రవరి చివర్లో డాక్టరు గారు పిల్ల మెడ మీద వేలు రాసి, "కాగితంలా ఉంది కూర్మయ్యా" అన్నారు. "వానాకాలం దాకా ఇలాగే ఉంచు. ఈ నాలుగు నెలలే గడ్డు. ఇది దాటితే పిల్ల ముఖం దక్కినట్టే."

ఫాల్గుణంలో ఇంట్లో అమ్మోరు పోసింది. ముందు ఐదేళ్ల కొడుకు బైరాగికి. ఒళ్లంతా నీటి పొక్కులు. కూర్మయ్య తల్లి తవిటమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, పొయ్యి మీద తాలింపు ఆపించింది, దువ్వెనా నూనెసీసా అటక మీద పెట్టించింది. మిషను మీద పాత చీర కప్పింది. కత్తెరలు మూట కట్టింది.

"మూడు నీళ్లూ పోసేదాకా ఈ ఇంట్లో సూది లెగకూడదు. ఆ గుంట మొకం మీద గుడ్డ కూడా తీసీరా."

"అది తియ్యకూడదమ్మా. డాటరుబాబు సెప్పినాడు."

"తల్లి డాటరుబాబు ఇంటికొచ్చిందా, మనింటికొచ్చిందా? తల్లి ఇంట్లో తిరుగుతుంటే మొకం బిగించి కట్టుకున్న ఆడగుంట ఎదురవుతాదేటిరా? మీ తమ్ముడి సంగతి మరిసిపోనావా?"

మరిచిపోలేదు. ఆయనకు ఏడేళ్లప్పుడు ఇదే బస్తీలో తమ్ముడికి పెద్ద అమ్మోరు పోసింది. తండ్రి గోనెలు ఆ వారమే ఒప్పజెప్పాలని, పిల్లాడు పడుకున్న చాప పక్కనే కూర్చుని దబ్బనం ఆడించాడు. తవిటమ్మ కాళ్లు పట్టుకున్నా ఆపలేదు. ఏడో రోజుకు పిల్లాడు పోయాడు. గోనెలోంచి దబ్బనం దూరి వచ్చే బరబర చప్పుడు కూర్మయ్య చెవిలో ఇంకా ఉంది. సూదికీ చావుకూ సంబంధం లేదని ఆయనకు తెలుసు. కాని చాప మీద ఎర్రగా కాలిపోతున్న బైరాగి ఉన్నాడు. వాణ్ణి చూస్తూ ఆ తెలిసిన సంగతిని నోటితో అనలేకపోయాడు.

ఆయన చెయ్యే వెళ్లి సుందరి తల వెనక హుక్కులు విప్పింది.

పిల్ల ముఖానికి గాలి తగిలింది. కళ్లు మూసుకుని గుమ్మంలో నిలబడి, "సల్లగున్నాది నానా" అని నవ్వింది. ఆ రోజులన్నీ అది సంతోషంగానే ఉంది. వేపమండతో తమ్ముడికి విసిరింది, గుమ్మంలో గవ్వలాడుకుంది.

అమ్మోరున్న ఇంటివాళ్లు ఇంకొకరి గడప తొక్కరు. కూర్మయ్య నర్సింగ్ హోంకి వెళ్లలేదు. పచ్చిపుళ్లతో ఉన్న రోగుల మధ్యకు ఈ ఒంటితో ఎలా వెళ్తామని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. అది నిజమే. కాని వీధి చివర ఫోన్ బూత్ ఉంది. పిల్లకు ముసుగు తీసేశామని డాక్టరుకు ఒక్క మాట చెప్పించలేదు. చెప్తే ఏమంటారో తెలుసు కాబట్టే చెప్పించలేదు.

పన్నెండో రోజున బైరాగికి మూడో నీళ్లు పోశారు, అమ్మోరు దిగినట్టే. మర్నాడు కూర్మయ్య మిషను మీది చీర తీసి, సుందరిని కూర్చోబెట్టి, పాత ముసుగు తొడగబోయాడు. గెడ్డం దగ్గర ఎక్కలేదు. ముసుగు పక్కన పెట్టి టేపు తీశాడు. గెడ్డం కొస నుంచి మెడ గుంట దాకా అంతకుముందు పదకొండు సెంటీమీటర్లు రాసుకున్నాడు. ఇప్పుడు పది వచ్చింది. టేపు తప్పు పెట్టానేమోనని మళ్లీ పెట్టాడు. పదే. కాగితంలా ఉన్నచోట అంచులు ఎర్రగా లేచాయి.

ఇంకా గంటలో కొత్తది కుట్టెయ్యొచ్చని లెక్కేసుకుంటూ టేపును చెవి వెనక్కి తిప్పాడు. అక్కడ మూడు నీటి పొక్కులు, ముత్యాల్లా.

"సూసినావా?" అంది వెనకనుంచి తవిటమ్మ. "నువ్వు సూది తీద్దామనుకున్నావు, తల్లి మల్లీ ఒచ్చీసింది."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చీర మళ్లీ మిషను మీదికి వచ్చింది.

మొత్తం ఇరవై ఆరు రోజులు.

ఇరవై ఏడో రోజున డాక్టరు గారు పిల్ల గెడ్డం పైకెత్తబోయి ఆగిపోయారు. కేకలెయ్యలేదు. "ఎన్ని రోజులు?" అని మాత్రం అడిగారు. కూర్మయ్య చెప్పాడు.

"కబురు పంపలేదేం?"

"ఇంట్లో అమ్మోరండి, బాబూ."

"మా ఇంట్లోనూ శీతలమ్మకు మొక్కుతారు. మా అమ్మా అన్నాళ్లూ సూది ముట్టదు." ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కుళాయి దగ్గర నిలబడి, ఇటు తిరక్కుండానే అన్నారు. "వేరే ఎవరైనా ఈ పని చేసుంటే తెలియక చేశారనుకుందును. ఇది నాకన్నా నీకే బాగా తెలుసు కదా, కూర్మయ్యా."

ఆ తరవాత కూర్మయ్య కుట్టినట్టు ఎవరూ కుట్టి ఉండరు. వారానికొకటి కుట్టాడు. స్పాంజి బదులు మైనం కరిగించి మెడ అచ్చు తీసి గట్టి పట్టీ చేసి లోపల పెట్టాడు. కొలత పది నుంచి తొమ్మిదిన్నరకు దిగింది, తొమ్మిదికి దిగింది. వానలు మొదలయ్యేసరికి గెడ్డం ఎడమ భుజం వైపు ఒరిగిపోయింది. కింది పెదవి బయటికి తిరిగి చొంగ కారేది. సుందరి బడికి వెళ్లనంది. వెళ్లమని ఎవరూ అనలేదు.

పిల్లకు పన్నెండేళ్లు రాగానే డాక్టరు గారు గెడ్డాన్ని లాగుతున్న ఆ మచ్చ తాడును కోసి, రెండో తొడ నుంచి చర్మం తెచ్చి వేశారు. మెడ నిలబడింది. పెదవి లోపలికి వచ్చింది. నర్సింగ్ హోం నుంచి తెచ్చిన రోజు దాలమ్మ వీధంతా మిఠాయి పంచింది. ఈసారి ముసుగు ఒక్క పూట కూడా తియ్యలేదు. అయినా నాలుగో నెలకు కోసిన గీత వెంబడే తాడు లేచింది. చర్మం తీసిన తొడ మీద కూడా లేచింది, అక్కడ కాలనే లేదు.

"ఈ పిల్ల చర్మం గుణమే ఇది," అన్నారు డాక్టరు గారు. "కోసినకొద్దీ లేస్తుంది. ఇంక నేను కత్తి పెట్టను. పెడితే చెరిచినవాణ్ణవుతాను."

కూర్మయ్య ఒకటే అడిగాడు. "అప్పుడా ఇరవయ్యారు రోజులూ ఆపకుండా ఉంటే, బాబూ?"

డాక్టరు గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "తెలీదు. అప్పుడైనా ఇలాగే అయ్యేదేమో. కాకపోనూవచ్చు."

నీవల్లే అంటే కూర్మయ్య ఒప్పుకునేవాడు. నీవల్ల కాదంటే ఏడ్చి ఊరుకునేవాడు. పాడైన ప్రతి తొడుగునూ విప్పి తప్పెక్కడో పట్టుకున్న మనిషికి ఈ ఒక్కదాన్ని విప్పడానికి కొస దొరకలేదు.

ఆ ఏడాది గడిచాక, మచ్చ పచ్చిదనం పోయి తెల్లబడి గట్టిపడ్డాక, ఆయన కూతురితో చెప్పాడు. "ఇంక ముసుగక్కర్నేదమ్మా. ఇంక గుడ్డ ఏటీ సెయ్యదు. తీసీ."

సుందరి మిషను పక్కన దారం చుడుతోంది. తల ఎత్తకుండానే అంది. "అప్పుడూ నువ్వే తీసీనావు కదా, నానా."

నెల తిరిగి ముసుగు సాగిపోతే అది తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన టేపు తీశాడు.

తొంభై ఐదులో జయలక్ష్మి గారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. భర్తకు బదిలీ అయిందట, వెళ్లేముందు చెప్పి వెళ్దామని. చేతిలో సందేశ్ మిఠాయి డబ్బా, పక్కన పదిహేడేళ్ల కామేష్. కాలర్ గుండీ విప్పిస్తే మెడ మీద కాస్త రంగు తేడా తప్ప ఏమీ లేదు.

"ఆ రోజు మీరు నన్ను తిట్టబట్టి కూర్మయ్య గారూ. లేకపోతే నా చేతులతో నేనే నా బిడ్డను పాడుచేసుకునేదాన్ని." ఆవిడ కళ్లు తుడుచుకుంది. అప్పుడు మూలన మిషను దగ్గరున్న సుందరిని చూసింది. "అయ్యో, పాపకు కూడానా? తొందరగానే తీసేస్తారులే తల్లీ. ఎన్ని నెలలయింది?"

"ఐదేళ్లండి, అమ్మగారూ," అంది సుందరి.

కామేష్ కాలర్ గుండీ పెట్టేసుకున్నాడు. కూర్మయ్య డబ్బా అందుకుని, కూర్చోమనడం కూడా మరిచి, ఆ కుర్రవాడి మెడ వైపే చూస్తూ నిలబడిపోయాడు. అది ఆయన పనే. కుట్టులో వంక లేదు.

తవిటమ్మ తొంభై ఎనిమిదిలో పోయింది. పోయేముందు నెల రోజులు మంచం మీదుంది. "ఒక్కపాలి గుడ్డ తియ్యవే, నీ మొకం సూసి పోతాను" అని మనవరాల్ని బతిమాలింది. సుందరి ముసలిదానికి ఒళ్లు తుడిచింది, గంజి పట్టింది, పక్క మార్చింది. గుడ్డ తియ్యలేదు.

కొత్త శతాబ్దంలో నర్సింగ్ హోం అద్దాల మేడ అయింది. తాలుక్‌దార్ గారు వయసు మీరి మానుకున్నారు. గోడల మీద నున్నటి ముఖాల ఫొటోలు వెలిశాయి. ముక్కు సరిచేయించుకునేవాళ్లు, పొట్ట కొవ్వు తీయించుకునేవాళ్లు, బుగ్గల మీద సొట్టలు పెట్టించుకునేవాళ్లు కార్లలో వచ్చేవారు. కాలినవాళ్లు తగ్గిపోయారు, వాళ్లను పెద్దాసుపత్రికి పొమ్మనేవారు. తొడుగులు బొంబాయి నుంచి ప్యాకెట్లలో వచ్చేవి. ప్యాకెట్లో కొలతకు అందని ఒళ్లుంటే కూర్మయ్యకు కబురొచ్చేది. కొవ్వు తీసిన నడుములకు పట్టీలు కుట్టేవాడు. కోతంతా ఆయనది, కుట్టంతా సుందరిది. చెయ్యి తండ్రిదే దిగింది, మడత వెంట్రుకవాసి తప్పదు. కొలతలు తియ్యడానికి నర్సింగ్ హోంకి మాత్రం రాదు. ఒకసారి తీసుకెళ్తే అక్కడి రిసెప్షన్‌లో పిల్ల, "దీదీ, మీది ఎప్పుడు విప్పుతారు? ఫొటో తీసి గోడకు పెడతాం" అంది మంచిగానే. సుందరి మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

రెండువేల ఎనిమిది మే నెలలో ఒక మధ్యాహ్నం పాత ముసుగు సాగిపోయింది. సుందరికి ఇరవై ఎనిమిదేళ్లు. దాలమ్మ తలుపు దగ్గరగా వేసి బయట మెట్టు మీద కూర్చుంది. ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది, ఎవరూ లోపలికి రాకుండా. కూర్మయ్య కళ్లజోడు సరిచేసుకుని టేపు తీశాడు. ఇరవై ఒక్క కొలతలు. పుస్తకంలో పదేళ్లుగా అవే అంకెలు. ఒక్కటీ మారదని తెలిసీ ఒక్కొక్కటే పెట్టి చూశాడు, కింద కొత్త వరసలో రాశాడు. పదోవంతు తగ్గించి కోశాడు. మిషను మీద సుందరే కూర్చుంది. మడత బయటికి వచ్చేలా కుట్టి, దారం పంటితో తెంపి, తండ్రి చేతికిచ్చి, వెనక్కి తిరిగి జుట్టు పైకి ఎత్తి పట్టుకుంది.

ఆయన తొడిగి హుక్కులు పెట్టాడు.

"ఇంకాస్త బిగించు, నానా."

చివరి హుక్కు ఒక వరస లోపలికి మార్చాడు. ఇటు తిప్పుకుని, అలవాటుగా, బట్ట మీద నుంచి దవడ దగ్గర గోటితో నొక్కాడు. కన్నం అంచు నుంచి కనిపించే మచ్చ వైపు చూశాడు. తెల్లబడలేదు, ఎర్రబడలేదు. నొక్కినా వదిలినా ఒకటే రంగు.

"సరిపోనాదా?" అంది సుందరి.

"సరిపోనాదమ్మా," అన్నాడు కూర్మయ్య.

దాలమ్మ బయటనుంచి తలుపు తట్టింది, అయిందా అని. సుందరి పాత ముసుగు మడత పెట్టి, మిషను కింద డబ్బాలో మిగతావాటి మీద పెట్టి మూత వేసింది.